ఆట కూడా నేర్పాల్సిందే

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక పొదుపు సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో మేము పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని చదివి కూర్చుంటాం. ఈసారి ఆ లెక్కలు పుస్తకంలో వేశాం, చూసుకోండి. మా సంఘం మీద బకాయి లేదు. ఇవాళ మాకిచ్చిన టైములో చిన్నపిల్లల ఆటల గురించి మాట్లాడాలని మా పదిమంది సభ్యులూ అనుకున్నాం. "ఆటల గురించి మాట్లాడేదేముంది, పిల్లలన్నాక ఆడుకోరా" అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. రెండేళ్ళ కిందట మాకూ అలాగే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎలా పోయిందో అదే చెబుతాం.

మా సంఘం మీటింగు అంగన్‌వాడీ వరండాలో జరుగుతుంది. మీటింగుకు చంటిపిల్లల తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తారు. వాళ్ళు కొంగు పట్టుకుని లాగుతుంటే పుస్తకం రాయడం కుదరదు కదా. అందుకని ఒక ఫోనులో బొమ్మలు పెట్టి నలుగురైదుగురిని దాని ముందు కూర్చోబెట్టేవాళ్ళం. "ఎంత బుద్ధిగా కూర్చున్నారో చూడు" అని మేమే మెచ్చుకునేవాళ్ళం. మిరపకాయ కోతల రోజుల్లో అయితే ఇంకా ఎక్కువ. మాది పల్నాడు. కోతలు మొదలైతే తెల్లారకముందే చేనుకు పోవాలి. పిల్లలు నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంటారు. ఆ ముసలమ్మకు పిల్లాడి వెనక పరుగెత్తే ఓపిక ఎక్కడిది? వీధిలోకి వదిలితే ట్రాక్టర్లు, ఆటోలు. ఇక మంచం, ఫోను. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పట్లేదు. మేమందరం చేసిన పనే ఇది.

ఒక మీటింగు అయ్యాక మా అంగన్‌వాడీ టీచరమ్మ మమ్మల్ని కాసేపు ఉండమంది. ముగ్గుపిండితో నేల మీద ఒక గీత గీసింది. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు ఆ రోజు తొమ్మిదిమంది ఉన్నారు. గీత మీద నడవమంది. చాలామంది నడిచారు. రెండు కాళ్ళతో ఒకేసారి ఎగిరి గీత దాటమంది. నాలుగేళ్ళు నిండిన ఇద్దరు పిల్లలు ఒక కాలు ముందు వేసి, రెండో కాలు తర్వాత ఈడ్చుకున్నారు. రెండడుగుల దూరం నుంచి గుడ్డబంతి వేస్తే, పట్టుకోవడం అటుంచి, ఎక్కువమంది మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు మూసుకున్నారు. మాలో ఒక సభ్యురాలు కొడుకును ఎల్‌కేజీలో చేర్చడానికి సంఘంలో 8,000 అంతర్గత అప్పు తీసుకుంది. ఆ పిల్లాడు ఏ నుంచి జెడ్ దాకా తడుముకోకుండా చెబుతాడు. ఒంటికాలి మీద మూడు లెక్కపెట్టేదాకా నిలబడలేకపోయాడు. వాళ్ళమ్మ మొహం చిన్నబోయింది. మా అందరి పరిస్థితీ అంతే.

"ఎదిగేకొద్దీ అవే వస్తాయిలే టీచరమ్మా" అని మాలో పెద్దావిడ ఒకరన్నారు. అప్పుడు టీచరమ్మ చెప్పిన మాట మాకు బాగా పట్టింది. నడక దానంతట అది వస్తుంది. కానీ సరిగ్గా దూకడం, ఒంటికాలితో గెంతడం, విసరడం, పట్టుకోవడం ఊరికే రావు. చూడాలి, చెయ్యాలి, తప్పు చెయ్యాలి, మళ్ళీ చెయ్యాలి.

మరి మనకెవరు నేర్పారు అని ఇంటికెళ్ళాక ఆలోచించాం. మనకు వీధి నేర్పింది. అక్కలు, అన్నలు నేర్పారు. తొక్కుడు బిళ్ళ ఆడే పెద్దపిల్లల పక్కన మనం "ఆటలో అరటిపండు"గా తిరిగాం, గుర్తుందా? అరటిపండుకు ఔట్ లేదు, లెక్క లేదు. అయినా రోజంతా వాళ్ళతో పాటు గెంతేవాళ్ళం. అలా గెంతుతూనే నేర్చుకున్నాం. దాగుడు మూతలు, నాలుగు స్తంభాలాట, కోతికొమ్మచ్చి, ఏడు పెంకులాట, చెమ్మచెక్క అన్నీ బడులే. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. కాస్త పెద్దవాళ్ళు స్కూలు బస్సెక్కి పోయి చీకటి పడుతుంటే వస్తారు, లేదా హాస్టల్లో ఉంటారు. అరటిపండును చేర్చుకునే ఆటే వీధిలో లేదు. నేర్పే అక్కలు, అన్నలు పోయిన చోట ఇప్పుడు మనమే నిలబడాలి.

టీచరమ్మ మాకు పిల్లల ఒంటి నేర్పులను మూడు రకాలుగా విడదీసి చెప్పింది. మొదటిది, చోటు మారేవి: పరుగు, దూకుడు, గెంతు, ఎక్కడం, దిగడం. రెండోది, తూకం నిలుపుకునేవి: ఒంటికాలి మీద నిలబడటం, సన్నటి దారి మీద నడవడం, తిరిగి తిరిగి పడకుండా ఆగడం. మూడోది, వస్తువును ఆడించేవి: విసరడం, పట్టుకోవడం, తన్నడం, దొర్లించడం. మా పిల్లలు పరుగులో ఫరవాలేదు. మూడో రకంలో బాగా వెనకబడి ఉన్నారు. ఎందుకంటే బంతి వేసేవాళ్ళు ఎదురుగా ఒకరుండాలి కదా.

ఏ వయసుకు ఏది రావాలో గుర్తుపెట్టుకోవడం కూడా కష్టం కాదు. ఏడాదిన్నరకు పట్టుకోకుండా నడవాలి. రెండున్నరేళ్ళకు రెండు కాళ్ళూ ఒకేసారి నేల వదిలేలా ఎగరాలి. నాలుగేళ్ళకు పెద్ద బంతి వేస్తే చాలాసార్లు పట్టుకోవాలి. ఐదేళ్ళకు ఒంటికాలితో గెంతాలి. నెలా రెండు నెలలు అటూ ఇటూ అయినందుకు కంగారు పడక్కర్లేదు. బాగా వెనకబడినా, ఒకసారి వచ్చిన పని మళ్ళీ పోయినా మాత్రం చూపించాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక సలహా ఇచ్చింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తంలో మూడు గంటలు ఒళ్ళు కదిలించాలి, అందులో ఒక గంటైనా ఆయాసం వచ్చేలా ఆడాలి. ఫోను, టీవీ ముందు కూర్చోవడం గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మా ఇళ్ళలో లెక్క చూసుకుంటే అది తలకిందులుగా ఉంది.

తర్వాతి మీటింగులో తీర్మానం రాసుకున్నాం. అంగన్‌వాడీ వెనక ముళ్ళకంపతో నిండిన జాగా ఉంది. పంచాయతీలో అడిగి, పదిమందిమీ రెండు రోజులు కంప కొట్టి, గాజుపెంకులు ఏరి బాగు చేశాం. పంక్చర్ షాపులో పాత స్కూటర్ టైర్లు ఆరు ఊరికే ఇచ్చారు. టైర్లలో వాన నీళ్ళు నిలిస్తే డెంగీ దోమలు పెరుగుతాయి కాబట్టి రంధ్రాలు పెట్టించాం. టైలరింగ్ చేసే మా ఇద్దరు సభ్యులు జాకెట్టు ముక్కలతో ఇరవై గుడ్డబంతులు కుట్టారు. తాళ్ళకు, టైర్ల రవాణాకు, రంధ్రాలకు కలిపి 700 రూపాయలు సంఘం వడ్డీ ఆదాయంలోంచి పెట్టాం. సాయంత్రం ముప్పావు గంట, రోజుకు ఇద్దరు సభ్యులు వంతు. మీటింగు రోజున కూడా ఇద్దరు పిల్లల దగ్గర బయటే ఉంటారు. వాళ్ళకు తర్వాత పుస్తకం చదివి వినిపిస్తాం.

మొదటి రోజు సిగ్గుతో చచ్చిపోయాం. రచ్చబండ మీద మగవాళ్ళు కూర్చుని ఉంటే, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఒంటికాలితో గెంతాలి. "మన సంఘం వాళ్ళకు లోన్లు తక్కువై గెంతులేస్తున్నారు" అని ఒకరు జోకేశారు. మా వంతు వదిన ఒకామె ఊరుకుంటుందా? "నువ్వొచ్చి ఈ గడి నుంచి ఆ గడికి గెంతు బావా, చూద్దాం" అంది. ఆయన గెంతి పడబోయాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆడించడంలో మేము తప్పులు చేసి నేర్చుకున్నవి ఉన్నాయి. మన సంఘానికి పంచసూత్రాలు ఉన్నట్టే మా ఆటకు కూడా ఐదు రాసుకున్నాం.

ఒకటి, ఔట్ లేదు. మామూలు ఆటలో ఔటైన పిల్లాడు పక్కన కూర్చుంటాడు. అంటే ఎవడికి రాదో వాడే ముందు కూర్చుంటున్నాడు, వచ్చినవాడే ఇంకా ఆడుతున్నాడు. ఇది మేము చాలా రోజులు గమనించలేదు. ఇప్పుడు ఔటైతే రెండు గెంతులు గెంతి మళ్ళీ ఆటలోకి రావాలి. చిన్నవాళ్ళందరూ అరటిపండ్లే.

రెండు, ఎవరి బంతి వాళ్ళకు. ఇరవైమందికి ఒక బంతి ఉంటే పంతొమ్మిదిమంది వరసలో నిలబడటమే నేర్చుకుంటారు. అందుకే ఇరవై బంతులు కుట్టాం.

మూడు, సులువు నుంచి కష్టానికి. బంతి పట్టుకోవడం నేర్పాలంటే ముందు నేల మీద దొర్లించాలి. తర్వాత రెండడుగుల దూరం నుంచి, కింద నుంచి పైకి, మెల్లగా, పొట్టకు ఎదురుగా వెయ్యాలి. చేతులు చాచి బంతిని గుండెకు హత్తుకోమని చెప్పాలి. భయం పోయాక దూరం పెంచాలి. గుడ్డబంతి తగిలినా నొప్పి ఉండదు కాబట్టి కళ్ళు మూసుకోవడం త్వరగా పోతుంది. తొక్కుడు బిళ్ళకు ముందు కూడా ఒంటికాలి మీద నిలబడటం రావాలి. చెయ్యి పట్టుకుని నిలబెట్టాలి, ఒక వేలు పట్టుకోమనాలి, తర్వాత వేలు తీసేయాలి.

నాలుగు, చూపించి చెప్పాలి, మాట పొట్టిగా ఉండాలి. "సరిగ్గా దూకు" అంటే పిల్లాడికి ఏం తెలుస్తుంది? "మోకాళ్ళు వంచు, పిల్లిలా చప్పుడు కాకుండా దిగు" అంటే వెంటనే చేస్తాడు. విసిరేటప్పుడు "కుడిచేత్తో వేస్తే ఎడమకాలు ముందుకు" అని మేమే చేసి చూపిస్తాం.

ఐదు, పోల్చకూడదు. "వాడు చూడు ఎంత బాగా చేశాడో" అన్న మరునాడు ఒక పిల్లాడు ఆటకే రాలేదు. నిన్నటి కంటే ఇవాళ ఎంత చేశాడో అదే చెప్పాలి.

ఇప్పుడు మేము చేసిన పెద్ద తప్పు చెబుతాం. మొదలుపెట్టిన రెండో నెలలో, సగం పాతిన టైరు మీద నుంచి ఐదేళ్ళ పాప దూకింది. కింద గట్టి నేల. కనుబొమ్మ పగిలింది. పీహెచ్‌సీలో మూడు కుట్లు వేశారు. ఆ రోజు వంతులో ఇద్దరికి బదులు ఒక్కరే ఉన్నాం. ఆ పాప నాయనమ్మ వీధిలో నిలబడి "మా పిల్ల మీకు ఆటబొమ్మా? ఆడపిల్ల మొహం మీద మచ్చ పడితే రేపు మీరు పెళ్ళి చేస్తారా?" అని నిలదీసింది. మాకు జవాబు లేదు. వెళ్ళి క్షమాపణ అడిగాం. ఆటోఖర్చు సంఘం పెట్టుకుంది. రెండు వారాలు ఆట ఆపేశాం. మాలో నలుగురు "మనకెందుకొచ్చిన గొడవ, మూసేద్దాం" అన్నారు.

అప్పుడు మీటింగులో కూర్చుని, పడటం ఎందుకు జరిగిందో లెక్క రాసినట్టు రాశాం. నేల గట్టిగా ఉంది. టైరు పిల్ల నడుము ఎత్తుంది. మనిషి తక్కువ. ఈ మూడూ మా తప్పులే, ఆట తప్పు కాదు. పిల్లలు పడతారు. మోకాలు చెక్కుకుపోవడం వేరు, కుట్లు పడటం వేరు. 2,000 పెట్టి ఇసుక తోలించి అడుగు మందం పోశాం. టైర్లను మోకాలి ఎత్తుకు మించకుండా దించాం. ఇద్దరు రాకపోతే ఆ రోజు ఆట లేదని తీర్మానించాం. ముందే ఇసుక పోసి ఉంటే ఆ బిడ్డ నెత్తురు చూసేవాళ్ళం కాదు. మీలో ఎవరైనా మొదలుపెడితే ముందు ఇసుక పోయండి, తర్వాతే టైరు పాతండి. ఆ నాయనమ్మ ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి కుర్చీ వేసుకుని ఇసుక పక్కనే కూర్చుంటుంది. మా వంతు వాళ్ళు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆమె కేకే ముందు వినపడుతుంది.

ఇంకొక మాట. ఇది ఆ తల్లిని అడిగి, ఆమె సరే అన్నాకే చెబుతున్నాం. మా సభ్యురాలి మనవరాలికి మూడేళ్ళు. బంతి ఆటలో అందరూ రెండు చేతులు చాస్తే ఆ పాప ఎడమచెయ్యి ఒక్కటే చాచేది. కుడిచెయ్యి మోచేతి దగ్గర మడిచి, పిడికిలి మూసి ఉండేది. పరుగెత్తేటప్పుడు కుడి మడమ నేలకు ఆనేది కాదు. ఇంట్లో "ఎడమచేతి వాటం" అనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం. పిల్లల ఆరోగ్యాన్ని చూసే ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి వచ్చినప్పుడల్లా తల్లి ఆ పాపను కోతలకు వెంట తీసుకుపోయింది. ఈసారి మేమే కబురు పెట్టి ఆపాం. వాళ్ళు జిల్లా కేంద్రానికి రాసిచ్చారు. అక్కడ డాక్టర్లు చూసి సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మెదడులో ఒక పక్క చిన్నప్పుడే దెబ్బ తగలడం వల్ల ఒంట్లో ఒక వైపు బిగుసుకుందట. ఎవరి పాపమూ కాదు, ఎవరి దిష్టీ కాదు అని తల్లికి చెప్పారు. ఇంకా ముందే తీసుకొస్తే బాగుండేది అని కూడా చెప్పారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ పాప ప్రతి మీటింగులో మా కళ్ళ ముందే ఉంది. కానీ ఫోను ముందు కూర్చున్న పిల్లల్లో ఎవరి చెయ్యి కదలట్లేదో ఎవరికి కనపడుతుంది? ఆడితేనే కనపడింది.

ఇప్పుడు ఆ పాపకు ఫిజియోథెరపీ జరుగుతోంది. ఆటతో జబ్బు పోయిందని మేము చెప్పం, అలా చెప్పడం తప్పు. థెరపీ అమ్మగారు చెప్పిన కదలికలను మేము ఆటలో కలిపాం. పెద్ద బంతిని రెండు చేతులతో గుండెకు హత్తుకుంటుంది. కుడిచెయ్యి ఇంకా ఆలస్యంగా వస్తుంది. వచ్చేదాకా పిల్లలందరూ ఆగుతారు.

ఇక మన గురించి ఒక మాట చెప్పుకుందాం అక్కా. మా పదిమందిలో ఏడుగురికి సైకిల్ రాదు. ఎందుకు రాదని ఒక రోజు మాట్లాడుకున్నాం. అందరి కథా ఒకటే. ఎనిమిదేళ్ళు రాగానే "ఆడపిల్లవి, ఆ గెంతులేంటి" అన్నారు. చంకలో తమ్ముణ్ణో చెల్లినో పెట్టారు. అక్కడితో మన ఆట ఆగిపోయింది. ఇవాళ మండలంలో బ్యాంకు పనికి పోవాలంటే ఇంట్లో మగవాళ్ళ బండి ఖాళీ అయ్యేదాకా చూస్తున్నాం. సంతకం పెట్టే చెయ్యి మనదే, బండి నడిపే చెయ్యి మనది కాదు. ఒళ్ళు మీద నమ్మకం చిన్నప్పుడే ఏర్పడుతుంది. అది ఒకసారి పోయాక తెచ్చుకోవడం కష్టమే. అయినా మాలో ఇద్దరు ఈ ఏడు స్కూటీ నేర్చుకుంటున్నారు, ఆ జాగాలోనే, పిల్లలు వెళ్ళాక. అందుకే మా ఆటలో ఆడపిల్ల చంకలో చంటిబిడ్డతో వస్తే, ఆ బిడ్డను వంతు సభ్యురాలు ఎత్తుకుంటుంది. ఆడపిల్ల ఆడుతుంది.

రెండేళ్ళలో మొత్తం 2,700 రూపాయలు ఖర్చయ్యాయి. పెద్ద మొత్తం కాదు. పోయిన నెల టీచరమ్మ మళ్ళీ ముగ్గుపిండి గీత గీసింది. మొదట గీత దాటలేని ఇద్దరూ ఇప్పుడు ఒకటో తరగతికి వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి చిన్నవాళ్ళకు తొక్కుడు బిళ్ళ నేర్పుతున్నారు. ఎల్‌కేజీ పిల్లాడు ఒంటికాలి మీద పది లెక్కపెట్టాడు, తర్వాత మమ్మల్ని కూడా నిలబడమన్నాడు. మాలో ముగ్గురం పదిదాకా నిలవలేదు.

దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కిందే మన అంగన్‌వాడీలు వచ్చాయి. ప్రతి ఊళ్ళో ఆ గది ఉంది, టీచరమ్మ ఉంది. ప్రతి ఊళ్ళో మన సంఘం ఉంది. ఈ రెండూ కలిస్తే చాలు.

సమాఖ్యను మేము అడిగేవి మూడు. ప్రతి గ్రామ సంఘం మీటింగులో పిల్లలకు ఫోను బదులు ఇద్దరు సభ్యులను పెట్టాలి. ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చే తేదీని టీచరమ్మను అడిగి ముందే మన మీటింగు పుస్తకంలో రాసుకోవాలి, ఆ రోజు ఐదేళ్ళ లోపు పిల్లలెవరినీ చేనుకు తీసుకుపోకూడదు. ఇసుకకు డబ్బులు లేని సంఘాలకు సమాఖ్య నుంచి చిన్న సాయం చెయ్యాలి. దీన్ని తీర్మానంగా పెట్టమని కోరుతున్నాం.

వెనక వరసలో కూర్చున్న అక్కల ఒళ్ళో కొందరు పిల్లలున్నారు. సభ మధ్యాహ్నం దాకా ఉంటుంది. మా సభ్యులిద్దరు గుడ్డబంతులు తెచ్చి బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. పిల్లల్ని పంపండి.